ఆయాది ఒక భాష, ఇంట్లో ఒక భాష: 20 నెలల బాబుకి ఏది వినిపించాలి?

రెండుతలుపులు
బాబుకి 20 నెలలు. పగలంతా చూసుకునే ఆయాది వేరే భాష. మా భాష ఆమెకి అర్థమవుతుంది గానీ మాట్లాడటం అరకొర. రా, వద్దు, పడతావ్, తాగు... అంతవరకే. తన భాషలో మాత్రం గలగలా మాట్లాడుతుంది. బాబు ఆమె భాషవి 12 మాటలు అంటాడు, మావి 5. "రెండు భాషలు కలిపి వాణ్ని తికమక పెడుతున్నారు, అందుకే మాట రావట్లేదు. ఆమెని మన భాషలోనే మాట్లాడమనండి, కాదంటే మనిషిని మార్చండి" అని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టారు. ఏం చెయ్యాలి? "కొంచెం ఓపిక పట్టండి, అదే వస్తుంది" లాంటి సలహాలు మాత్రం వద్దు, అవి ఇప్పటికే బోలెడు పోగయ్యాయి.

గడుగ్గాయి
రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ఈ ఒక్క విషయంలో ఇక్కడ గొడవ ఉండదనుకుంటా.

నిక్కచ్చి
ఉంటుంది. ఆలస్యం కాదన్నది నిజమే. కానీ ఉన్న గంటలు రెండు భాషల మధ్య చీలిపోతాయిగా. ఏ భాష ఎంతసేపు వింటే ఆ భాషలో అన్ని మాటలు వస్తాయి. 12, 5 అన్న లెక్కలో కనపడుతున్నది అదే. ఇంటి భాష నిలవాలంటే ఆయా చేత కూడా ఇంటి భాషే మాట్లాడించడం మంచిదని నా వాదన.

వసపిట్ట
నిక్కచ్చి గారూ, మొదటి సగం ఒప్పుకుంటా, రెండో సగం ఒప్పుకోను.

అడిగినవారి పోస్టు మళ్లీ చదవండి. రా, వద్దు, పడతావ్, తాగు. నాలుగూ ఆజ్ఞలు, హెచ్చరికలే. ఎవరైనా సరే, సరిగా రాని భాషలో ముందుగా పట్టుబడేవి ఇవే. "అయ్యో, గాలికి ఎగిరిపోయిందే, ఇప్పుడెలా మరి?" లాంటి మాట, ఆటపట్టించడం, లాలిపాట, కోపం నటించడం, ఇవన్నీ రావాలంటే ఆ భాష నోటికి బాగా తిరిగి ఉండాలి. ఆమెని మీ భాషకి కట్టేస్తే మీ భాష మాటలు పెద్దగా పెరగవు, ఆమె భాషలో కబుర్లు మాత్రం ఆగిపోతాయి. పగలంతా ఇల్లు నిశ్శబ్దం.

దీని మీద పరిశోధన ఉంది. 2011లో ప్లేస్, హాఫ్ అనే ఇద్దరు స్పానిష్, ఇంగ్లీషు రెండూ వింటున్న 25 నెలల పిల్లల్ని పరిశీలించారు. ఇంగ్లీషు ఎంత వింటున్నారన్నదే కాదు, అందులో ఎంత భాగం అది సొంత భాష అయినవాళ్ల నోట వస్తోందన్నది కూడా ఇంగ్లీషు మాటల సంఖ్యతో ముడిపడి ఉందని తేలింది.

కాబట్టి ఆయా తన భాషలోనే మాట్లాడాలి. మీరు మీ భాషలో మాట్లాడండి, ఇంకా ఎక్కువ మాట్లాడండి.

నిక్కచ్చి
"ఇంకా ఎక్కువ" అనడం తేలికే. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకి మిగిలే గంటలెన్ని?

లెక్కలపక్క
వేద్దాం. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. 13 అనుకుందాం. మేలుకుని ఉండేది రోజుకి 11, వారానికి 77 గంటలు. ఆయా 9 నుంచి 6 దాకా, అంటే 9 గంటలు. మధ్యలో 2 గంటల నిద్ర తీసేస్తే 7. వారానికి 5 రోజులైతే 35. మిగతా 42 అమ్మానాన్నలవే. ఆయా వాటా 45 శాతం, మీది 55.

అయినా మాటలు 12, 5 ఎందుకున్నాయి? మీ 42 గంటల్లో నిజంగా బాబుతో మాట్లాడేవి ఎన్ని? పనిరోజుల్లో మీకు మిగిలేది రోజుకి 4 గంటలు. అందులో స్నానం, తిండి, బట్టలు, ఇల్లు సర్దడం, ఫోను. లోటు అక్కడుంది.

రెండుతలుపులు
55 శాతం అని చూసి ఒక్క నిమిషం సంతోషించా. ఫోను దగ్గరికొచ్చేసరికి ఆవిరైపోయింది.

గడుగ్గాయి
లెక్కలపక్క గారు ఎవరినీ ఒక నిమిషం మించి సంతోషంగా ఉండనివ్వరు.

మాటతూకం
స్నానం, బట్టలు అన్నవి నష్టంలో రాయకండి, అసలు మాటలు పోసే వేళలే అవి. రోజూ అదే వరసలో అవే పనులు, అవే వస్తువులు, మనిషి ఎదురుగా. "ఈ చెయ్యి ఎక్కడ? లోపలికి పోయింది. ఇదిగో, బయటికొచ్చింది!" అని చొక్కా తొడుగుతూ రోజూ అంటే, వారం పదిరోజుల తర్వాత "ఇదిగో" దగ్గర మీరు ఆగి చూడండి, ఆ ఖాళీ వాడు నింపుతాడు.

ఇక మాటలు లెక్కపెట్టే పద్ధతి. ఒకే వస్తువుకి ఎప్పుడూ అదే శబ్దం వాడుతుంటే అది మాటే. పలుకు తేడాగా ఉన్నా సరే. నీళ్లకి "నీ" అన్నా, కుక్కకి "బౌ" అన్నా లెక్కలోకి వస్తుంది. మీరు అనగానే వెంటనే తిరిగి అన్నది రాదు. రెండు భాషల జాబితాలూ పక్కపక్కన రాయండి. మొత్తం మాటలు 12+5=17. అందులో ఒకే వస్తువుకి రెండు భాషల్లోనూ పేరున్నవి 4 అనుకుంటే, వాడు పేరు పెట్టగలిగిన విషయాలు 13. డాక్టరు దగ్గర ఒక భాష జాబితా ఒక్కటే చూపిస్తే ఆ పిల్లాడు ఉన్నదానికంటే బాగా వెనకబడినట్టు కనపడతాడు. "5 మాటలే అంటున్నాడు" అని వెళ్తే ఒక సలహా, 17 అని వెళ్తే ఇంకో సలహా వస్తుంది.

17 తక్కువ వైపే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆ ఒక్క అంకె చూసి కంగారు పడక్కర్లేదు. అర్థం చేసుకోవడం ఎలా ఉంది? చేత్తో చూపించకుండా "బూట్లు తీసుకురా" అంటే రెండు భాషల్లోనూ తెస్తాడా?

రెండుతలుపులు
తెస్తాడు. ఆమె చెప్పినా, మేం చెప్పినా. కావలసినవి వేలు పెట్టి చూపిస్తాడు కూడా.

మాటతూకం
మంచిది. అర్థం చేసుకోవడం, వేలు చూపించడం రెండూ ఉన్నాయంటే ధైర్యంగా ఉండొచ్చు. జాబితా మాత్రం రెండు వారాలకోసారి కొత్తది రాయండి. అంకె ఎంతన్నదానికంటే పెరుగుతోందా లేదా అన్నది చూడాలి.

నిక్కచ్చి
గంటలు ముఖ్యం కాదన్నట్టు పోతోంది చర్చ. 1995లో హార్ట్, రిస్లీ 42 కుటుంబాల్ని చూసి, ఉన్నవాళ్ల పిల్లలు వినే మాటలకీ పేదపిల్లలు వినే మాటలకీ 3 కోట్ల తేడా అని లెక్కగట్టారు కదా. ఎన్ని మాటలు చెవిన పడ్డాయన్నదే అసలు సంగతి.

వసపిట్ట
ఆ 3 కోట్లు కొలిచిన అంకె కాదండీ. నెలకి ఒక గంట రికార్డు చేసి, దాన్ని ఏళ్లకి హెచ్చించి వేసిన అంచనా. 42లో అడుగున ఉన్న వర్గానివి 6 కుటుంబాలే. 2018లో స్పెర్రీ, ఆయన తోటివాళ్లు ఇంట్లో మిగతావాళ్ల మాటలు కూడా కలిపి చూస్తే ఆ తేడా అలా నిలబడలేదు.

అలాగని చెవిన పడ్డ ప్రతి మాటా ఒకటే అని కూడా కాదు. 2013లో వైస్లెడర్, ఫెర్నాల్డ్ 29 స్పానిష్ కుటుంబాల్లో 19 నెలల పిల్లల దగ్గర రోజంతా రికార్డు చేశారు. ఒక పిల్లకి నేరుగా చెప్పిన మాటలు రోజులో 670, ఇంకో పిల్లకి 12,000 పైన. పెద్దవాళ్లు నేరుగా తమతో ఎక్కువ మాట్లాడిన పిల్లలకి 24 నెలలకి ఎక్కువ మాటలొచ్చాయి. పెద్దవాళ్లు పక్కన తమలో తాము మాట్లాడుకున్నవాటికి అలాంటి సంబంధం కనపడలేదు. అంటే ఇంట్లో నలుగురుండి ఎంత సందడిగా ఉన్నా, అందులో వాడి మొహం చూసి అన్నవి ఎన్ని అన్నదే లెక్క.

వేకువపిట్ట
అయితే మధ్యాహ్నం పూట ఇంటి భాషలో కార్టూన్లు పెడితే? గంటల లోటు తీరుతుందిగా.

ముక్కుసూటి
తీరదు.

2003లో పెట్రీషియా కూల్ బృందం ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న 9 నెలల పిల్లలకి చైనీస్ మాండరిన్ వినిపించింది. 12 సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడుతూ మాట్లాడితే ఆ భాష ధ్వనుల్ని పట్టేశారు. అదే మనిషిని, అవే మాటల్ని తెర మీద చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు. ఆడియో ఒక్కటే వినిపించినా అంతే.

ఇంకా గట్టి ఉదాహరణ 1981లో రాసింది ఒకటుంది. అమ్మానాన్నలిద్దరికీ వినపడదు, బాబుకి వినపడుతుంది. వాళ్లు వాడితో సంజ్ఞల భాష కూడా పెద్దగా వాడలేదు, టీవీ చూస్తే మాట వస్తుందిలే అనుకున్నారు. 3 ఏళ్ల 9 నెలలకి మాటలు కొన్ని ఉన్నాయి గానీ వాక్యం కట్టడం వింతగా, అస్తవ్యస్తంగా ఉంది. మనుషులు కూర్చుని మాట్లాడటం మొదలెట్టాక కుదుటపడింది. (సంజ్ఞల భాష నిండుగా వాడే ఇళ్లలో పిల్లలకి ఏ లోటూ ఉండదు, అది పూర్తి స్థాయి భాషే. అక్కడ పొరపాటు టీవీని నమ్ముకోవడం.)

టీవీ ఊరికే మోగుతున్నా నష్టమే. 2009లో క్రిస్టాకిస్ బృందం కొలిస్తే, టీవీ వినపడే ఒక్కో గంటకి పెద్దవాళ్ల నుంచి పిల్లలు వినే మాటలు సుమారు 770 తగ్గుతున్నాయి. లోటు తీర్చడం అటుంచి, ఉన్నది కూడా తినేస్తుంది.

వీడియో కాల్ వేరు. అవతలి మనిషి వాడి చేష్టకి అప్పటికప్పుడు స్పందిస్తుంది కాబట్టి పనికొస్తుంది. పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలి, లేకపోతే ఫోను నోట్లోకి పోతుంది.

ఊకొట్టుడు
వసపిట్ట గారి "మొహం చూసి" అన్న మాట పట్టుకుంటా. ఆయాకైనా, అమ్మానాన్నలకైనా చేసి చూపించాల్సింది ఒక్క నిమిషం ఆట. బంతి కుర్చీ కిందికి దొర్లింది. పిల్లాడు వేలు చూపించి "బా" అన్నాడు.

ఒక రకం: "ఏంటది? చెప్పు. బంతి అను. బం-తి. అనూ..." వాడు మొహం తిప్పేసుకుంటాడు. అయిపోయింది.

ఇంకో రకం: కింద కూర్చుని, వాడు చూస్తున్న వైపే చూసి, "బంతి! కుర్చీ కిందికి దొర్లిపోయింది." ఆగాలి. మనసులో 5 దాకా, అవసరమైతే 10 దాకా లెక్కపెట్టాలి. ఇక్కడే అందరూ తప్పుతారు, రెండో సెకనుకే ఇంకో మాట వదిలేస్తారు. ఆగితే వాడు వంగి చూసి "బా, కీ" అంటాడు. "అవును, కిందే ఉంది. తీద్దామా?" మళ్లీ ఆగాలి. మాట రాకపోయినా చెయ్యి చాచాడంటే అది వాడి వంతు, జవాబిచ్చినట్టే.

వాడు చూస్తున్నదానికే పేరు చెప్పాలి. వాడు బంతి చూస్తుంటే మీరు పుస్తకం తెచ్చి "ఇది ఏనుగు" అంటే ఆ మాట వాడికి అంటుకోదు. 1986లో టొమసెల్లో, ఫరార్ 17 నెలల పిల్లల మీద చేసిన ప్రయోగంలో తేలింది ఇదే. పిల్ల ధ్యాస ఉన్న వస్తువుకి పేరు చెప్తే నేర్చుకున్నారు, ధ్యాస మళ్లించి చెప్తే అంతగా రాలేదు.

"బా" అంటే "బా కాదు, బంతి" అని దిద్దకండి. "అవును, బంతి" అంటే దిద్దినట్టూ ఉంటుంది, ఒప్పుకున్నట్టూ ఉంటుంది. ప్రశ్న ఒకటి వేస్తే ఊరికే చెప్పే మాటలు మూడు నాలుగుండాలి. అందులోనూ జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్నలు తగ్గించండి. అది పరీక్ష, కబుర్లు కావు.

వాడు రెండు మాటలంటే మీరు మూడు నాలుగు మాటల వాక్యం చెప్పండి, కానీ ముక్కలు చేయకండి. "బంతి కుర్చీ కింద" అని వదిలేస్తే తెలుగులో క్రియ చివర ఉండే సరుకంతా పోతుంది. వెళ్లింది, వెళ్లాడు, వెళ్దాం అన్న తేడా పిల్లాడు ఎక్కడ వింటాడు మరి?

గడుగ్గాయి
కథ చెప్పేవాళ్ల కంటే ఊకొట్టేవాళ్లు ముఖ్యమని మీ పేరులోనే ఉంది కదా.

వేకువపిట్ట
ముద్దుమాటల సంగతేంటి? మాట్లాడితే పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడాలంటారు కొందరు.

నిక్కచ్చి
నేనూ అదే అంటా. వంకర మాట నేర్పి తర్వాత దిద్దడం దేనికి?

ముక్కుసూటి
రెండు విషయాలు కలిపేస్తున్నారు. గొంతు పైకెత్తి, సాగదీసి, నెమ్మదిగా, రాగం కలిపి మాట్లాడటం ఒకటి. మాటని వంకర చేయడం ఇంకోటి. మొదటిదానితో మేలే. 1997లో అమెరికా, రష్యా, స్వీడన్ తల్లుల మాటలు కొలిచి చూస్తే, మూడు చోట్లా పసిపిల్లలతో మాట్లాడేటప్పుడు అచ్చుల్ని మామూలు కంటే విడమరిచి, స్పష్టంగా పలుకుతున్నారు. 2002లో ఇంకొకళ్లు పెంపుడు జంతువులతో పోల్చి చూశారు. కుక్కపిల్లతో, పిల్లితో కూడా గొంతు పైకే లేస్తుంది, కానీ అచ్చులు విడమరచడం పిల్లలకి మాత్రమే! పిల్లి మాటలు నేర్చుకోదని మన నాలుకకి కూడా తెలుసన్నమాట.

ఇక "బౌబౌ" లాంటివి అనండి, వెంటనే అసలు పేరు కూడా జతచేయండి. "బౌబౌ! కుక్క అరుస్తోంది." పిల్లాడి తప్పు పలుకుని మీరూ అనుకరించడం మాత్రం వద్దు.

రెండుతలుపులు
ఇంకోటి. ఆయా భాష యాస మా బాబుకి అంటుకుంటుందని అత్తయ్యగారి భయం. మన ట, త, ణ, న ఆమె ఒకేలా పలుకుతుంది.

వసపిట్ట
ఇంట్లో మీ నోటి నుంచి సరిగ్గా వింటున్నాడుగా, భయం లేదు. ఆ తేడా పట్టే చెవి ఏడాదిలోపే స్థిరపడుతుంది. 1984లో వర్కర్, టీస్ ఇంగ్లీషు ఇళ్ల పిల్లలకి హిందీ ట, త వినిపించారు. 6 నుంచి 8 నెలల వాళ్లు ఆ తేడా పట్టారు, 10 నుంచి 12 నెలలకి చాలామందికి పోయింది, ఎందుకంటే ఇంట్లో ఆ తేడా వినపడదు. మీ ఇంట్లో రోజూ వినపడుతోంది. పెద్దయ్యాక యాస ఎలాగూ తోటిపిల్లల వైపే మొగ్గుతుంది.

చెవిమాట
అందరూ భాష గురించే మాట్లాడుతున్నారు, చెవి గురించి ఒక్కరూ అడగలేదు. మాట ఆలస్యమని అనుమానం వచ్చిన ప్రతి పిల్లకీ ముందు చెయ్యాల్సింది వినికిడి పరీక్ష. "రెండు భాషల వల్ల" అనేసి దాన్ని దాటేయడమే ఈ విషయంలో జరిగే పెద్ద నష్టం.

పుట్టినప్పుడు ఓఏఈ (లోపలి చెవి స్పందన చూసే) పరీక్షలో పాసయ్యాడంటే సరిపోదు. కొన్ని లోపాలు తర్వాత మొదలవుతాయి. చెవి నుంచి మెదడుకి వెళ్లే దారిలో ఉన్న లోపాన్ని ఓఏఈ పట్టలేదు, దానికి బెరా (శబ్దానికి ఆ దారిలో వచ్చే సంకేతాల్ని కొలిచే పరీక్ష) కావాలి. ఈ వయసులో మామూలుగా కనపడేది మాత్రం జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరడం. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, ఎవరికీ తెలియదు. గట్టి శబ్దాలకి తిరుగుతాడు కాబట్టి "బాగానే వినపడుతోంది" అనుకుంటారు. కానీ స, ఫ లాంటి మెత్తటి ధ్వనులు, మాట చివర్లు జారిపోతుంటాయి. నోటితో ఊపిరి తీయడం, ఒకసారి పలికి ఒకసారి పలకకపోవడం, టీవీ దగ్గరికి జరగడం కనపడితే టింపనోమెట్రీ చేయించండి. నిమిషాల్లో అయిపోతుంది, కర్ణభేరి కదులుతోందో లేదో చెప్తుంది.

20 నెలల పిల్లాడికి వినికిడి ఎలా కొలుస్తారంటే, ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు, పక్క నుంచి శబ్దం వస్తుంది, వాడు అటు తిరిగితే అక్కడ బొమ్మ వెలుగుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకున్నవాళ్లు ఆ వైపు చూడకూడదు, చూస్తే వాడు వాళ్లని చూసి తిరుగుతాడు, ఫలితం పాడవుతుంది. కడుపు నిండి, నిద్ర తీరిన వేళ తీసుకెళ్లండి.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు: 12 నెలలకి బబబ, దదద లాంటివి గానీ, వేలు చూపించడం లాంటి సైగలు గానీ లేకపోతే. 16 నెలలకి ఒక్క మాటా లేకపోతే. 24 నెలలకి సొంతంగా రెండు మాటలు కలపకపోతే. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా సరే, మర్నాడే. ఇవన్నీ రెండు భాషలూ కలిపి చూసే గడువులు, "రెండు భాషలు కదా" అని ఇంకో ఆర్నెల్లు పెంచడానికి లేదు.

మాటతూకం
చెవిమాట గారి చివరి వాక్యం పెద్దవాళ్లకి కూడా చదివి వినిపించండి. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్తే ఆయాని కూడా తీసుకెళ్లండి, కుదరకపోతే ఆమె భాషలో వాడు అన్నవి రికార్డు చేసి పట్టుకెళ్లండి. ఒక భాష ఆపేయమని ఎవరైనా అంటే ఎందుకో అడగండి. నిజంగా లోపం ఉన్న పిల్లల్లో కూడా రెండో భాష తీసేస్తే మొదటిది బాగుపడుతుందని ఎక్కడా తేలలేదు.

నిక్కచ్చి
సరే, ఆయా తన భాషే మాట్లాడాలన్నది ఒప్పుకున్నా. కానీ ఒక హెచ్చరిక నాది. 2007లో డి హౌవర్ బెల్జియంలో 1,899 కుటుంబాల్ని చూస్తే, రెండు భాషల మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు నాలుగోవంతు మంది ఇంట్లో వినే చిన్న భాష, అంటే ఆ ఊళ్లో తక్కువమంది మాట్లాడే భాష, మాట్లాడటమే లేదు. అర్థమవుతుంది, జవాబు మాత్రం బయట అందరూ మాట్లాడే పెద్ద భాషలో. ఇక్కడ మీ భాషకి కూడా అదే జరగొచ్చు. బాబు ఆమె భాషలో అడిగితే మీరు వెంటనే అందించేయకండి.

ఊకొట్టుడు
అందించండి, కానీ మీ భాషలో చెప్తూ అందించండి. ఆమె భాషలో నీళ్లు అడిగితే "నీళ్లు కావాలా? ఇవిగో నీళ్లు" అనండి. "మన భాషలో చెప్తేనే ఇస్తా" అని 20 నెలల వాడి మీద పంతం పట్టకూడదు. దాహం వేసినవాడికి వ్యాకరణం నేర్పినట్టుంటుంది.

వేకువపిట్ట
ఆయా మారిపోతే అప్పుడేంటి? ఆ భాషంతా పోయినట్టేనా?

వసపిట్ట
వినడం ఆగితే ఈ వయసులో ఆ భాష చాలావరకు జారిపోతుంది, దాన్ని పట్టుకుని కూర్చోనక్కర్లేదు. మాటలు పోతాయి గానీ వంతులు వేసుకోవడం, అడగడం, చూపించడం, కలిసి నవ్వడం పోవు, కొత్త భాషలోకి అవే వెళ్తాయి. మార్పు ఉంటే కొత్తామె పాతామెతో కలిసి కనీసం కొన్ని రోజులైనా ఉండేలా చూడండి. బాబు పలికే మాటలు ఏ వస్తువుకి ఏ శబ్దమో కాగితం మీద రాసివ్వండి. లేకపోతే కొత్తామెకి "కీ" అంటే ఏంటో తెలియక వాడు ఏడుపుకి దిగుతాడు. మాట మానేసి మళ్లీ ఏడుపుతో అడగడం మొదలయ్యేది అలాంటప్పుడే.

రెండుతలుపులు
అందరి పోస్టులూ రాసుకున్నా. వినికిడి పరీక్షకి సమయం తీసుకుంటున్నా. ఆయాకి తన భాషలో హాయిగా మాట్లాడమని ఎలా చెప్పాలి? మేం ఇంట్లో ఉన్నప్పుడు అసలు నోరే విప్పదు.

ఊకొట్టుడు
మీకు నచ్చదనుకుని ఉంటుంది. "మీ భాషలో కబుర్లు చెప్పండి, పాటలు పాడండి, మాకూ అదే కావాలి" అని విడమరిచి చెప్పండి. మీ పెద్దవాళ్ల ఎదురుగా చెప్పండి, లేకపోతే మీరు బయటికెళ్లాక వాళ్లు మళ్లీ ఆపిస్తారు. తర్వాత రోజుకి ఒక 10 నిమిషాల ఆట ఫోన్లో రికార్డు చేసి, పెద్దవాళ్ల ప్రశ్నలెన్ని, ఊరికే చెప్పినవెన్ని, బాబు వంతులెన్ని అని గీతలు గీసి చూడండి. మీ ఆట కూడా చేయండి, ఆమెది ఒక్కటే చేస్తే తనిఖీలా ఉంటుంది. ఆమెకి చెప్పకుండా మాత్రం చేయొద్దు.

లెక్కలపక్క
మొదటి రోజు రికార్డు లెక్కలో వేయకండి. ఫోను పెట్టారని తెలిస్తే ఆ రోజు అందరూ రేడియో వ్యాఖ్యాతలే.